ఒడిలోకి తీసుకున్నావిడే భోజనాల బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు
ఫ్రాన్సెస్ ట్రొలప్ రాతల్లో బానిసలు, పనిమనుషులు, మిల్లు పిల్లలు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం. ఒక విధవరాలు, ఆమె కూతుళ్ళు నలుగురు ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ బానిస పిల్ల ఒకతి ఉంది. అలమరలో వెన్న రాసిన బిస్కెట్ కనబడితే తీసి తినేసింది. ఎలుకల కోసం ఆ వెన్న మీద పాషాణం చల్లి పెట్టారని ఆ పిల్లకి తెలియదు. పెట్టింది ఆ ఇంటి అమ్మాయిల్లో ఒకతే. సంగతి బయటపడగానే ఇంటావిడ, తన దగ్గర బస చేస్తున్న ఇంగ్లీషు అతిథి దగ్గరికి సలహా కోసం వచ్చింది. ఆ అతిథి వెంటనే ఆవపిండి కలిపిన నీళ్ళు పిల్లచేత తాగించి కక్కించింది. చుట్టూ చేరినవాళ్ళు చచ్చిపోతుంది, చచ్చిపోతుంది అంటుంటే ఆ పసిది వణికిపోతోంది. అతిథి అక్కడే కూర్చుని దాన్ని ఒడిలోకి తీసుకుని మూతి తుడిచింది.

తెల్లవాళ్ళందరూ కిసుక్కున నవ్వారు. నల్లవాళ్ళు దూరంగా నిలబడి నోట మాట లేకుండా చూస్తున్నారు. ఆ ఇంటి చిన్న కూతురు, ఇంచుమించు బానిస పిల్ల ఈడుదే, ఆశ్చర్యపోయి పైకే అనేసింది: రెండు వందల డాలర్లిచ్చినా తనైతే ఆ మూతి ముట్టుకోదట.

ఈ ఘట్టం చదివిన మన పాఠకుడికి వివరణ అక్కర్లేదు. ముట్టుకోవడం, ముట్టుకోకపోవడం అనేది ఒక మనిషి విలువ ఎంతో చెప్పే కొలబద్దగా మారడం మనకి పుస్తకాల్లో చదివి తెలిసిన సంగతి కాదు. పసిపిల్లకి కూడా అసహ్యం ఎలా నేర్పుతారో మనకి తెలుసు. ఈ సంగతి రాసిన మనిషి ఎవరు, ఆమె ఇంకా ఏం రాసింది, ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయింది అన్నది ఇక్కడ చెప్పుకోదగిన విషయం.

ఆమె పేరు ఫ్రాన్సెస్ ట్రొలప్. 1779లో ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర, ఒక చర్చి పాస్టరు ఇంట పుట్టింది. ఇంగ్లీషు సాహిత్యం చదివిన విద్యార్థులకి ఆమె కొడుకు ఆంథొనీ ట్రొలప్ పేరు తెలిసి ఉంటుంది. కొడుకు పేరు సిలబస్‌లో మిగిలింది, తల్లి పేరు ఫుట్‌నోట్లలోకి పోయింది. నిజానికి ఆ ఇంట్లో ముందు కలం పట్టింది తల్లి. పట్టేనాటికి ఆమెకి యాభై దాటాయి. తర్వాత పాతికేళ్ళలో ముప్పై పైచిలుకు నవలలు, ఆరు యాత్రా గ్రంథాలు రాసింది. సరదాకి కాదు. భర్త లాయరు, కోపిష్టి, క్లయింట్లు ఒక్కొక్కరే జారిపోయారు. మీద పడ్డ వ్యవసాయమూ నష్టాల్లో పోయింది. అప్పులవాళ్ళకి దొరక్కుండా 1834లో కుటుంబమంతా బెల్జియంలోని బ్రూజ్‌కి పారిపోవలసి వచ్చింది. అక్కడ క్షయతో చనిపోతున్న కొడుక్కి సేవ చేస్తూ, తెల్లవారకముందే లేచి, ఇల్లు నిద్ర లేచేలోపల ఆ రోజు పేజీలు పూర్తి చేసేది. ఆ కొడుకు 1834 చివర్లో పోయాడు, మరుసటి ఏడు భర్త పోయాడు, 1836 మొదట్లో కూతురు పోయింది. ఆమె రాతలన్నిటిలోకీ పదునైన బానిసత్వ వ్యతిరేక నవల వచ్చింది ఆ 1836లోనే.

అమెరికా ఎందుకు వెళ్ళిందన్నది ఒక వింత కథ. ఫ్రాన్సెస్ రైట్ అని స్కాట్లండుకి చెందిన రాడికల్ మేధావి ఒకామె ఉండేది. టెన్నెసీ రాష్ట్రంలో మెంఫిస్ దగ్గర, నషోబా అనే చోట 1825లో ఒక సమష్టి కాలనీ పెట్టింది. బానిసల్ని కొని, అక్కడ పని చేయించి, వాళ్ళ శ్రమతోనే కొన్న ధర తీరాక విడుదల చేయాలన్నది ఆమె పథకం. సదుద్దేశమే. కాని కాస్త ఆగి ఆలోచించండి: దొంగిలించిన మనిషి తన ధర తానే కూలి చేసి తీర్చుకోవాలి! వెట్టి అప్పుల సంగతి తెలిసినవాళ్ళకి ఈ లెక్క కొత్త కాదు. రైట్ మాటలు నమ్మి, చేతిలో డబ్బు లేక, పిల్లల్లో ముగ్గుర్నీ, ఆగస్ట్ ఎర్వియూ అనే ఫ్రెంచి చిత్రకారుణ్ణీ వెంటబెట్టుకుని ట్రొలప్ 1827 నవంబరులో ఓడెక్కింది. తీరా వెళ్ళి చూస్తే అడవిలో, బురదలో, జ్వరాల మధ్య నాలుగు గుడిసెలు. పది రోజులకే అక్కణ్ణించి బయటపడి ఒహాయో నది ఒడ్డున ఉన్న సిన్సినాటి పట్నం చేరింది. రైట్ 1830లో నషోబాలోని బానిసల్ని హైతీకి తీసుకెళ్ళి స్వతంత్రుల్ని చేసింది. ఆమె కథ ఆమెది.

సిన్సినాటిలో ట్రొలప్ ఒక బజారు భవనం కట్టించి, వ్యాపారం చేసి, ఉన్నదీ పోగొట్టుకుంది. పందులు వీధుల్లో తిరుగుతూ చెత్త తినే ఊరు అది. ఆ పందుల మీద ఆమె రాసిన పేజీలు ఇప్పటికీ నవ్వు పుట్టిస్తాయి. 1831లో ఇంగ్లండుకి తిరిగొచ్చి, 1832లో 'డొమెస్టిక్ మ్యానర్స్ ఆఫ్ ది అమెరికన్స్' అచ్చువేసింది. రెండు దేశాల్లోనూ గగ్గోలు రేగింది. అమెరికన్లు ఎక్కడ చూసినా ఉమ్ముతారని, పొగాకు నములుతారని, తిండి మింగేస్తారని రాసిన వెక్కిరింపులే జనానికి ఎక్కువ గుర్తుండిపోయాయి. థియేటర్లో ఎవడైనా కాళ్ళు బారచాపి కూర్చుంటే వెనకనుంచి 'ట్రొలప్' అని అరిచేవాళ్ళట. చాలాకాలం తర్వాత మార్క్ ట్వేన్ తన మిసిసిపీ పుస్తకం కోసం ఆమెను సమర్థిస్తూ ఒక భాగం రాశాడు. అది అప్పుడు అచ్చుకాలేదు.

ఆ పుస్తకంలో మనం చూడాల్సింది మర్యాదల గురించిన వెక్కిరింపులు కాదు. సమానత్వం గురించి రోజంతా ఉపన్యాసాలిచ్చే దేశం బానిసల్ని కొరడాతో కొట్టడాన్నీ, ఆదివాసుల్ని వాళ్ళ నేలమీదనుంచి తరిమెయ్యడాన్నీ ఆమె పక్కపక్కన పెట్టి చూపించింది. మే 1830లో ఆదివాసుల తరలింపు చట్టం మీద ప్రెసిడెంటు జాక్సన్ సంతకం పెట్టిన ఆ రోజుల్లో ఆమె వాషింగ్టన్ ప్రాంతంలోనే ఉంది. ఒప్పందాలు రాసిచ్చి వాటిని తుంగలో తొక్కడాన్ని నమ్మకద్రోహమనే రాసింది. స్వాతంత్య్ర ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్‌నీ వదల్లేదు. మనుషులంతా సమానంగా పుట్టారని రాసిన పెద్దమనిషి తన బానిస స్త్రీలకి పిల్లల్ని కన్నాడని, ఆ పిల్లలు బానిసలుగానే పెరిగారని అప్పట్లో జనం చెప్పుకునే మాటని ఆమె బాహాటంగా అచ్చువేసింది. అది కొంటె వదంతి అని జెఫర్సన్ అభిమానులు నూటయాభై ఏళ్ళకు పైగా కొట్టిపారేశారు. 1998లో జరిగిన డీఎన్ఏ పరీక్ష, శాలీ హెమింగ్స్ అనే బానిస స్త్రీ కొడుకు వారసులకీ జెఫర్సన్ వంశానికీ రక్తసంబంధం ఉందని తేల్చింది. శాలీ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది నిజమని ఇవాళ చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. వదంతి అని పక్కన పెట్టే మాట చాలాసార్లు సాక్ష్యం చెప్పే హక్కు లేనివాళ్ళ సాక్ష్యమే.

ఇళ్ళ లోపల ఆమె చూసిన సంగతులు ఇంకా లోతుగా తాకుతాయి. ఒక యువతి భోజనాల దగ్గర పక్కనున్న మగవాడి మోచెయ్యి తగులుతుందేమోనని సిగ్గుతో ఇటు జరిగి కూర్చుంది. అదే యువతి నల్ల నౌకరు ఎదుట ఏ సంకోచమూ లేకుండా లోపలి బట్టల తాళ్ళు బిగించుకుంది. నౌకరు మగవాడిగా కాదు, మనిషిగానే లెక్కలోకి రాలేదు. ఒక వర్జీనియా పెద్దమనిషి, పెళ్ళయినప్పటినుంచీ తన పడకగదిలో ఒక నల్ల పిల్లని పడుకోబెట్టుకుంటున్నానని చెప్పాడు. ఎందుకని అడిగితే, రాత్రి దాహమేస్తే నీళ్ళెవరిస్తారని ఎదురడిగాడు. బానిసల ఎదుటే, వాళ్ళకి చెవుల్లేనట్టు, వాళ్ళ గుణదోషాలు మాట్లాడుకునేవారని కూడా ఆమె రాసింది. కులం గురించి ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు కూడా చాలాసార్లు కొట్టడం, చంపడం, తగలబెట్టడం దగ్గరే ఆగుతారు, అవే కేసులవుతాయి కనుక. ఏ కేసూ కాని ఈ అలవాట్లని ఓపిగ్గా నమోదు చేయడం ట్రొలప్ బలం.

పాషాణం తిన్న పిల్ల సంగతి కొంత మిగిలింది. కొంతసేపటికి ట్రొలప్ మళ్ళీ వెళ్ళి ఎలా ఉందని అడిగితే, ఆ బిస్కెట్ పెట్టిన అమ్మాయే నవ్వాపుకోలేక, డాక్టర్ని పిలిచామని చెప్పి పగలబడి నవ్వింది. బానిస నొప్పికి మనసు కష్టపెట్టుకోవడం వాళ్ళకి కసాయి కోసిన దూడ కోసం ఏడ్చినంత హాస్యంగా తోచిందని ఆమె రాసుకుంది. పిల్ల బతికిందో లేదో రాయలేదు. పిల్ల పేరు కూడా రాయలేదు. పేరు అడిగి ఉంటుందా అన్నది నాకెప్పుడూ వచ్చే అనుమానం.

ఇక రెండో దృశ్యం. సిన్సినాటిలో ట్రొలప్ ఇంట్లో పనికి కుదిరిన తెల్ల అమ్మాయి ఒకతి. అక్కడి పనివాళ్ళు 'సర్వెంట్' అంటే ఒప్పుకోరు, 'హెల్ప్' అనాలి. తన భోజనం వంటింట్లో అని తెలిసి ఆ పిల్ల, నీతో కూర్చుని తినడానికి నేను తగనా, ఈ దేశంలో ఇది చెల్లదు అంది. ఆ తర్వాత చాలావరకు భోజనం మానేసి, ఆ వేళంతా ఏడుస్తూ గడిపేదట. అందరూ సమానమని వెయ్యిసార్లు విని విని పిల్ల మనసు పాడైందని ట్రొలప్ తీర్పు. ఆ పిల్ల తనని ద్వేషించిందని కూడా దాచకుండా రాసింది.

నా దృష్టిలో ఆమె పుస్తకాలన్నిటికీ తాళంచెవి ఈ రెండు దృశ్యాల మధ్య ఉంది. చావుబతుకుల్లో ఉన్న బానిస పిల్లని ఒడిలోకి తీసుకోవడానికి ఆమె క్షణం ఆలోచించలేదు. నీతో సమానంగా కూర్చుంటానన్న పనిపిల్లని మాత్రం భరించలేకపోయింది. అదే పుస్తకంలో, బానిసత్వం తప్పేనని చెబుతూనే, దానికన్నా కిందితరగతి తెల్లవాళ్ళలో పాకిన సమానత్వ భ్రమే జనం నడతకి ఎక్కువ చేటు చేస్తోందని రాసింది. ఈ వాక్యాన్ని దాచిపెట్టి ఆమెను సంస్కర్తగా పూజించడం అబద్ధమవుతుంది. దాన్ని పట్టుకుని ఆమెను మొత్తంగా పారెయ్యడం కూడా తెలివైన పని కాదు. సానుభూతి చూపే మనిషి సమానత్వం ఒప్పుకునే మనిషే కానక్కర్లేదని ఇంత తేటగా తన మీద తానే సాక్ష్యం చెప్పుకున్న రచయితలు అరుదు. హరిజనోద్ధరణ చరిత్ర చదివినవాళ్ళకి ఈ తేడా ఎంత పెద్దదో తెలుసు.

ఇక నవలలు. 1836లో వచ్చింది 'జొనాథన్ జెఫర్సన్ విట్లా'. ఇంగ్లీషులో బానిసత్వాన్ని నేరుగా ఎదిరించిన తొలి నవలల్లో అదొకటి. హారియెట్ బీచర్ స్టో రాసిన 'అంకుల్ టామ్స్ కాబిన్' దానికి పదహారేళ్ళ తర్వాతిది. దుర్మార్గుడి పేరులో జెఫర్సన్ ఎందుకుందో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు. విట్లా మిసిసిపీ ఒడ్డున పేద తెల్లవాడి కొడుకు. 'పారడైజ్' అనే పత్తి తోటలో యజమానికి కుడిభుజంగా మారి బానిసల మీద పెత్తనం చేస్తాడు. పేదవాడు పైకి రావడానికి దొరికిన నిచ్చెన ఇంకొకడి వీపు. ఈ పాత్ర ద్వారా ఆమె పట్టుకున్నది చిన్న సంగతి కాదు. బానిసత్వం పెద్ద భూస్వాముల వల్లే నిలబడలేదు, భూమి లేని తెల్లవాడికి అది ఇచ్చిన హోదా వల్ల కూడా నిలబడింది.

ఆ నవలలో జూనో అనే ముసలి బానిస స్త్రీ ఉంది. యజమానులు వాడుకుని వదిలేసిన మనిషి, కన్న పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. మంత్రగత్తె అని జనం భయపడితే ఆ భయాన్నే ఆయుధం చేసుకుంటుంది. ఆమె వంశంలోనే, తెల్లపిల్లగా పెరిగిన సెలీనా అనే అమ్మాయి, తనలో ఆఫ్రికన్ రక్తం ఉందని తెలియగానే ప్రాణం తీసుకుంటుంది. బానిసలకి దేవుడి మాటలు చెప్పడానికి తెగించిన ఎడ్వర్డ్ బ్లై అనే తెల్ల యువకుణ్ణి మూక చంపేస్తుంది. చివరికి జూనో పన్నిన పథకంతో బానిసలే విట్లాని మట్టుబెడతారు. 1831లో నాట్ టర్నర్ తిరుగుబాటు తర్వాత దక్షిణాది రాష్ట్రాలు బానిసలు చదవకుండా, గుమిగూడకుండా చట్టాలు బిగిస్తున్న కాలం అది. ఆ కాలంలో, బానిసలు తమ పగ తామే తీర్చుకునే ముగింపుని ఒక ఇంగ్లీషు పెద్దింటావిడ రాయడం తేలిక పని కాదు. టామ్ మామ దెబ్బలు తింటూ క్షమించి చనిపోతాడు. జూనో క్షమించదు. నాకు జూనోనే నచ్చుతుంది. అయితే సెలీనా చావులో పాత వాసన కొడుతుందన్నదీ చెప్పాలి: రక్తం తెలిసిన పిల్ల బతకడానికి రచయిత్రికి కూడా దారి తోచలేదు.

ఇంగ్లండు అప్పటికే తన భుజాలు తానే చరుచుకుంటోంది. 1833 చట్టంతో తన వలసల్లో బానిసత్వం రద్దు చేశానంది. రెండు కోట్ల పౌన్ల నష్టపరిహారం ఇచ్చింది కూడా, బానిసలకి కాదు, యజమానులకి. ఆ చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాలకి వర్తించలేదు. అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో పొలాలతోపాటు చేతులు మారిన అంటరాని కులాల కూలీలు ఆ 'విమోచన' లెక్కలోకి రాలేదు. వాళ్ళ సంగతి 1843లో ఐదో చట్టం దాకా ఆగింది, అదీ కాగితం మీదే. 1873లో జోతిబా ఫూలే 'గులాంగిరి'ని నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకి అంకితమివ్వడం వెనక ఈ పోలిక స్పష్టంగా ఉంది.

అమెరికా తప్పులే వెతుకుతావేం, నీ ఇంట్లో చూసుకో అన్న ఎత్తిపొడుపు ట్రొలప్‌కీ తప్పలేదు. ఆమె చూసింది. 1839 మొదట్లో కొడుకునీ, ఎర్వియూనీ తీసుకుని మాంచెస్టర్ వెళ్ళి, పది గంటల పనిదినం కోసం పోరాడుతున్న నాయకుల్ని కలిసి, మిల్లు కార్మికుల ఇళ్ళు తిరిగింది. ఆ ఏడు నుంచే 'మైకేల్ ఆర్మ్‌స్ట్రాంగ్, ది ఫ్యాక్టరీ బాయ్' నెలనెలా భాగాలుగా వెలువడింది. మిల్లు యజమాని సర్ మాథ్యూ డౌలింగ్ ఊళ్ళో మంచి పేరు కోసం మైకేల్ అనే పేద పిల్లాణ్ణి చేరదీసి, పట్టు బట్టలేసి అతిథులకి ప్రదర్శిస్తాడు. మోజు తీరాక, ఎవరి కంటా పడని లోయలో ఉన్న మిల్లుకి పంపించేస్తాడు. అక్కడ పిల్లలు ఆకలికి పందుల తొట్టిలో తిండి లాక్కుని తింటారు. ఎర్వియూ బొమ్మ కూడా గీశాడు. ఇది కల్పన అని కొందరు విరుచుకుపడ్డారు. కాదు. లండన్ వర్క్‌హౌస్ నుంచి పత్తి మిల్లుకి పంపబడిన రాబర్ట్ బ్లింకో అనే అనాథ జ్ఞాపకాలు అప్పటికే అచ్చయి ఉన్నాయి, పందుల తిండి సంగతి అందులోదే. తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని జౌళి మిల్లుల్లో పెట్టుకోరాదని 1833 చట్టం చెప్పింది. పదమూడు దాటినవాళ్ళని మాత్రం రోజుకి పన్నెండు గంటలు పని చేయించవచ్చు.

విట్లా తోటలో పండిన పత్తి చేరేది మైకేల్ నిలబడ్డ మగ్గాల దగ్గరికే. ఈ ముడి ఆమె ఎక్కడా విప్పి చెప్పలేదు. రెండు నవలలూ ఒకదాని తర్వాత ఒకటి చదివితే మనకే కనబడుతుంది.

మూడోది 'జెస్సీ ఫిలిప్స్', 1843లో పుస్తకంగా వచ్చింది. 1834 నాటి కొత్త పేదల చట్టం, పెళ్ళికాని తల్లి బిడ్డ భారాన్ని దాదాపు పూర్తిగా తల్లి నెత్తినే వేసింది. తండ్రి దులుపుకుని పోవచ్చు. భూస్వామి కొడుకు చేతిలో మోసపోయిన కుట్టుపని అమ్మాయి వర్క్‌హౌస్ పాలు కావడమే కథ. నవలగా కాస్త వదులు, కాని చట్టంలోని ఒక నిబంధన ఒక ఆడదాని బతుకుని ఎలా నలిపేస్తుందో చూపించడంలో గట్టిది.

మళ్ళీ మైకేల్ దగ్గరికి రావాలి. అసలు ఆమె అనుకున్న పథకంలో ఆ పిల్లాడు పెరిగి పెద్దవాడై, కార్మికుల హక్కుల కోసం తానే పోరాడే రెండో భాగం ఒకటి ఉంది. ఈలోగా చార్టిస్టు ఉద్యమం ఊపందుకుంది. మగవాళ్ళందరికీ ఓటు కావాలని కార్మికులు లక్షల సంతకాలు పెట్టారు. 1839 నవంబరులో వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో తుపాకులు పేలాయి. అలాంటివాళ్ళకి తన పుస్తకం ఊతమవుతుందని జంకి, ఆ రెండో భాగం మానేస్తున్నానని ఆమె ముందుమాటలోనే చెప్పుకుంది. అందుకే నవలలో మైకేల్‌నీ, అతని అన్ననీ ఉద్ధరించేది మిల్లు సొమ్ముకి వారసురాలైన మేరీ బ్రదర్టన్ అనే దయగల యువతి. వాళ్ళంతా జర్మనీ వెళ్ళి స్థిరపడతారు. మిల్లు మిల్లుగానే ఉంటుంది. దెబ్బలు తినే మైకేల్‌ని రాసిన చెయ్యి సంఘం పెట్టే మైకేల్‌ని రాయలేదు. సిన్సినాటి వంటింటి పిల్ల మళ్ళీ గుర్తుకొస్తుంది.

ఆమె 1863లో ఫ్లోరెన్స్‌లో, 84 ఏట చనిపోయింది. పుస్తకాలన్నిటికీ కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ముఖ్యమైనవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పరిశోధన చేయదలచిన విద్యార్థులు 'డొమెస్టిక్ మ్యానర్స్'లో బానిసల గురించిన అధ్యాయంతో మొదలుపెట్టి, వెంటనే సిన్సినాటి పనిమనుషుల అధ్యాయం చదవండి. తర్వాత 'విట్లా'. కాని వాటితోపాటే మేరీ ప్రిన్స్ ఆత్మకథ పక్కన పెట్టుకోండి. వెస్టిండీస్‌లో బానిసగా బతికిన ఆ నల్ల స్త్రీ తన నోటితో చెప్పి రాయించిన పుస్తకం లండన్‌లో అచ్చయింది 1831లో, అంటే ట్రొలప్ అమెరికా నుంచి తిరిగొచ్చిన ఏడే. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో, హారియెట్ జేకబ్స్ 1861లో రాసినవీ అంతే. ట్రొలప్ ఒడిలో వణికిన పిల్ల పెరిగి రాసి ఉంటే ఏం రాసేదో వాటిలో కొంత దొరుకుతుంది.